బోరు నీళ్ల ఒడంబడిక

రాజులు చేసుకున్న ఒడంబడికలు రాగిరేకుల మీద ఉంటాయి. వాటిలో నిలబడినవి తక్కువ. మన్సూరాబాద్‌లో ఒక కాలనీ గేటు దగ్గర, పాల ప్యాకెట్లు వచ్చాక, స్కూలు బస్సు రాకముందు, రోజూ ఒక ఒడంబడిక జరిగేది. దానికి రాగిరేకు లేదు, రాజముద్ర లేదు, సాక్షుల సంతకాలు లేవు. అయినా ఏళ్ల తరబడి భంగం కాలేదు. వానాకాలంలో గొడుగుల కింద జరిగింది. కరోనా రోజుల్లో మాస్కుల వెనకనుంచి జరిగింది. దాని పూర్తి పాఠం ఇది:

"బోరు నీళ్లేనా అమ్మా?"

"బోరు నీళ్లే సారు."

అంతే. ఇరుపక్షాలూ తృప్తిగా విడిపోయేవి. మొదటి పక్షం చేతిలో రెండు కట్టల పాలకూర, ఒక కట్ట తోటకూర, కొసరుగా నాలుగు కొత్తిమీర రెమ్మలు ఉండేవి.

మొదటి పక్షం సాంబమూర్తి గారు. తెనాలి వైపు మనిషి. బీమా కంపెనీలో క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఎదుటివాడు చెప్పింది నమ్మకపోవడానికి జీతం తీసుకుని, ఇప్పుడు దానికే పింఛను తీసుకుంటున్నారు. రెండో పక్షం అండాలమ్మ. నల్లగొండ జిల్లా మనిషి. నాగోలు దిగువన మూసీ ఒడ్డున కొంత నేల కౌలుకు తీసుకుని ఆకుకూరలు పండిస్తుంది. పొద్దున్నే గంపతో షేర్ ఆటో ఎక్కి కాలనీ గేటు ముందు దిగుతుంది.

అండాలమ్మ మడులకు పారేది మూసీ నీళ్లని సాంబమూర్తి గారికి తెలుసు. ఆయనకు తెలుసునని అండాలమ్మకూ తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు తెలుసు, ఇస్త్రీ బండి అతనికి తెలుసు. గాలి అటునుంచి తిరిగినప్పుడు మూసీయే స్వయంగా వచ్చి చెప్పి వెళ్లేది. కానీ ఒడంబడిక అంటే నిజం తేల్చుకోవడం కాదు కదా. అడగవలసింది ఆయన అడిగేవారు, చెప్పవలసింది ఆమె చెప్పేది. ఇంటికి వెళ్లి ఆయన భార్య శేషారత్నం గారు ఆ కూరను ఉప్పునీళ్లలో ఒకసారి, పసుపునీళ్లలో ఒకసారి ముంచి తీసేవారు. ఆ తరవాత అది మూసీ కూర కాదు, పప్పు.

ఇక్కడ అండాలమ్మ గురించి కొంత చెప్పుకోవాలి. ఆమె పుట్టింది మర్రిగూడ దగ్గర ఒక పల్లెలో. ఆ పల్లెలో నీళ్లు అద్దంలా ఉండేవి. అడుగున పడ్డ సూది కనబడేది. ఆ నీళ్లు తాగి ఆమె అన్నకు పదేళ్లు నిండకముందే కాళ్లు దొడ్డి తలుపు కొక్కెంలా వంగిపోయాయి. ఫ్లోరైడ్ అన్నారు. అవి బోరు నీళ్లు. ఊళ్లో చేతిపంపు చూసి భయపడి నగరానికి వచ్చిన మనిషి, నగరంలో రోజూ పొద్దున్నే "బోరు నీళ్లే" అని హామీ ఇచ్చి బతకవలసి వచ్చింది. ఇందులో వింత ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఊరికో నీతి ఉంటుంది. ఇక్కడి నీతి ఇది.

పెళ్లయ్యాక భర్త అంతయ్యతో పాటు వచ్చి గడ్డిఅన్నారంలో దిగింది. అంతయ్య పండ్ల మార్కెట్‌లో హమాలీ. నల్లగొండ నుంచి తప్పించుకుని వచ్చి, నల్లగొండ నుంచి వచ్చే బత్తాయి బస్తాలను జీవితమంతా మోశాడు. మార్కెట్‌ను ఊరవతలికి తరలించాక అతని భుజాలకు పని పోయింది. అప్పుడు మూసీ ఒడ్డున, అండాలమ్మ పొలం పక్కనే, ఒక వెంచర్‌కు కాపలాదారుగా చేరాడు. ఆ వెంచర్‌లో ఒక పెద్ద కమాను ఉంది. కమాను మీద ఇంగ్లీషులో పచ్చిక బయళ్లను గురించి ఏదో రాసి ఉంది. లోపల సరిహద్దు రాళ్లు ఉన్నాయి. ఇళ్లు లేవు, ఎందుకంటే నేల కోర్టులో ఉంది. ఖాళీ స్థలాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా అంతయ్య కుర్చీ వేసుకుని చూస్తుండేవాడు.

అండాలమ్మ మాత్రం పెళ్లయిన కొత్తలో పట్టిన కౌలు వదలలేదు. మూసీ కాలవలో మోకాలు లోతున నిలబడి, కోసిన కూరను జాడించి, అరటినారతో కట్టలు కట్టడం ఆమె పని. నగరం వదిలిపెట్టినవన్నీ ఆ నీళ్లలో వచ్చేవి. సబ్బు నురగ వచ్చేది, రంగు వచ్చేది, ఒక్కోరోజు ఏ ఫ్యాక్టరీ నుంచో వెచ్చగా కూడా వచ్చేది. చలికాలంలో ఆ వెచ్చదనం కాళ్లకు హాయిగా ఉండేదని ఆమె అనేది. క్రమంగా ఆమె కాలివేళ్లకు హాయి, నొప్పి రెండూ తెలియడం మానేశాయి. గాజుపెంకు గుచ్చుకుంటే, గట్టు మీద రక్తం అచ్చులు చూసి, ఎవరికో దిగిందనుకుని, తరవాత తన పాదం ఎత్తి చూసుకునేది. దవాఖానకు పోతే విటమిన్ గోళీలు ఇచ్చారు. వేసుకుంది. అయిపోయాయి.

ఇలా అందరూ అన్నీ తెలిసి నిశ్చింతగా ఉన్న రోజుల్లో అండాలమ్మకు మనవడు పుట్టాడు. కూతురు కృష్ణకుమారి కొడుకు. బడిలో వేసేటప్పుడు వేరే పేరు ఉంటుంది, ప్రస్తుతానికి లక్కీ. కృష్ణకుమారి, అల్లుడు జగన్ గడ్డిఅన్నారంలోనే కిరాయికి ఉంటారు. జగన్ పార్సిలు వ్యాను నడుపుతాడు. లక్కీ అన్నం ముద్దలు మింగే వయసుకు వచ్చాక అండాలమ్మ లేత పాలకూర ఏరి, విడిగా కట్ట కట్టి, గంప ఖాళీ అయ్యాక గడ్డిఅన్నారం పోయి ఇచ్చి వచ్చేది. పట్టీలు, బొమ్మలు కొనే స్తోమతు ఆమెకు లేదు. ఇవ్వగలిగింది అదొక్కటే. తన చేత్తో పండించింది మనవడి కంచంలోకి పోవాలి. ఆమె జీవితంలో కోరిక అనదగినది ఏదైనా ఉంటే అదే.

ఒక ఆదివారం జగన్ గడప మీద కూర్చుని ఫోన్ చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"అత్తమ్మా, ఒక మాట అంట. తప్పుగ అనుకోకు."

"గట్ల మొదలు పెట్టినవంటే తప్పు మాటనే అయితది. అను."

"లక్కీగానికి గా మూసీ కూర తేకు. వీడియోల చూసిన. దాంట్ల సీసం గీసం ఉంటదట. పిలగాండ్ల మెదడుకు పట్టుకుంటదట."

"నీ పెండ్లాం గా కూరనే తిని పెరిగింది."

"అందుకే గట్లున్నది."

వంటింట్లోంచి కృష్ణకుమారి గరిటెతో బయటికి వచ్చింది. "ఏమంటున్నవ్? మల్లొక్కసారి అను."

"నేనేమన్న అన్ననా? మెదడు గురించి మాట్లాడుతున్నం," అన్నాడు జగన్.

అండాలమ్మ నవ్వలేదు. కొంగుతో కట్టను కప్పింది. "అయితే తేవద్దంటవా?"

జగన్ చెడ్డవాడు కాదు. కాస్త మెత్తబడ్డాడు. "నాకేం పగనా అత్తమ్మా? బోరు నీళ్లతోని పండిస్తే తే. నేనే ముంగట నిలబడి తినిపిస్త."

బోరు నీళ్లు. ఆ మాట అండాలమ్మ అన్నేళ్లు రోజూ చెప్పిన మాటే. చెప్పగా చెప్పగా మంత్రం లాగా దానికి ఆమె దృష్టిలో ఒక మహిమ వచ్చింది. ఊళ్లో అన్న కాళ్లు వంచిన నీళ్ల పేరూ అదేనన్న సంగతి ఎప్పుడో వెనకబడిపోయింది. సార్లు, మేడమ్‌లు, చదువుకున్నవాళ్లు అంతమంది రోజూ ఆ నీళ్లనే అడుగుతున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. తను చెప్పిన అబద్ధాన్ని ఇతరులు నమ్మారో లేదో గాని, అండాలమ్మ నమ్మేసింది.

ఆ సాయంత్రమే పోయి వెంచర్ కమాను కింద కుర్చీలో ఉన్న మొగుడి ముందు నిలబడింది. కమాను దగ్గరి పూలమొక్కల కోసం కంపెనీవాళ్లు వేయించిన బోరు ఒకటి అక్కడ ఉంది.

"గా మోటరు నీళ్లు జర మన మడులకు మలుపు," అంది.

అంతయ్య ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "దొంగతనం చెయ్యమంటున్నవా?"

"కావలి కాసేది నువ్వే గదా. ఎవడు పట్టుకుంటడు?"

"గదే పరేషాన్. నన్ను నేనే పట్టుకోవాలె."

"పట్టుకో. పట్టుకుని మల్ల ఇడిసిపెట్టు. మనుమని కోసం."

అంతయ్య ధర్మసంకటంలో బీడీ ఒకటి కాల్చాడు. మర్నాడు ప్రహరీగోడ కింద కుక్కలు తవ్విన కంతలోంచి నల్లటి పైపు ఒకటి అవతలికి పాకింది. కమాను దగ్గరి పూలమొక్కలు నెమ్మదిగా ఎండిపోయాయి. అడిగితే చీడ పట్టిందని చెప్పాలని అంతయ్య నిర్ణయించుకున్నాడు. ఎవరూ అడగలేదు.

అండాలమ్మ మూసీ కాలవ గండి మట్టితో పూడ్చేసింది. మొదట లక్కీ మడికి, తరవాత అన్ని మడులకూ బోరు నీళ్లే పెట్టింది. తెల్లటి నీళ్లు మడిలో పారుతుంటే గట్టు మీద కూర్చుని చూసేది. చుట్టుపక్కల కౌలుదార్లు నవ్వారు. పాలకూర కూడా అంత సంతోషించలేదు. మూసీ నీళ్లలో ఏనుగు చెవులంత పెరిగిన ఆకు, బోరు నీళ్లకు ఎలుక చెవులంత అయింది. రంగు వెలిసింది. కట్ట కట్టడానికి ఇదివరకటి కంటే ఎక్కువ మొక్కలు పీకవలసి వచ్చింది. అండాలమ్మ లెక్క చేయలేదు. లేత కట్ట రోజూ గడ్డిఅన్నారం చేరుతోంది. జగన్ ఏమీ అనడం లేదు. పొద్దున గేటు దగ్గర చెబుతున్న మాట అన్నేళ్లలో మొదటిసారి నిజమైంది.

చిక్కు అక్కడే వచ్చింది. అబద్ధానికి అలవాటు చాలు. నిజానికి గుర్తింపు కావాలి.

ఒకనాడు శేషారత్నం గారు కూడా గేటు దాకా వచ్చారు. కట్టను తిప్పి చూసి పెదవి విరిచారు. "ఏంటి అండాలమ్మా, ఈ మధ్య ఆకు ఇలా పీలగా ఉంటోంది? ఇదివరకు ఎంత నవనవలాడేదో!"

సాంబమూర్తి గారు మామూలుగా తమ వంతు పూర్తి చేశారు. "బోరు నీళ్లేనా అమ్మా?"

అండాలమ్మ గంప వదిలి లేచి నిలబడింది. "బోరు నీళ్లే సారు. లక్కీగాని మీద ఒట్టు. నా మనుమని మీద ఒట్టు పెట్టి చెప్తున్న."

సాంబమూర్తి గారి చేతిలో సంచీ ఆగిపోయింది.

ఆయన ఉద్యోగ జీవితంలో నేర్చుకున్న సూత్రం ఒకటే. అడగకుండా ఒట్టు వేసినవాడి ఫైలు ముందు తెరవాలి. గోదాము తగలబడిందని చెప్పినవాళ్లలో మామూలుగా చెప్పినవాడికి నిజంగానే తగలబడి ఉండేది. వెంకన్న మీద ప్రమాణం చేసినవాడి ఇంట్లో కిరసనాయిలు డబ్బాలు దొరికేవి. అన్నేళ్లుగా ఒట్టు లేకుండా సాగిన ఒడంబడికలోకి ఉన్నట్టుండి ఒట్టు వచ్చిందంటే, మూసీలో కొత్తగా ఏదో కలిసి ఉండాలి.

ఇంటికి వెళ్లి మేనల్లుడు ఉపేంద్రకు ఫోన్ చేశారు. ఉపేంద్ర ఆహార పదార్థాలను పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో కెమిస్టు. నాచారం వైపు ఉంటాడు.

"ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెందుకు మావయ్యా?" అన్నాడు ఉపేంద్ర.

"ఒట్టేసిందిరా."

"వేస్తే నమ్మాలి గదా?"

"నువ్వు కెమిస్ట్రీ చూసుకో. మనుషుల సంగతి నేను చూసుకుంటాను."

ఉపేంద్ర కొంచెం పద్ధతైన మనిషి. కూర ఒక్కటే చూస్తే చాలదు, పొలానికి పోవాలన్నాడు. ఆ విధంగా ఒక సెలవు రోజున మామా అల్లుళ్లిద్దరూ మూసీ ఒడ్డుకు బయలుదేరారు. సాంబమూర్తి గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ముక్కుకు రుమాలు కట్టి, గట్టు మీద అడుగులో అడుగు వేస్తూ వచ్చారు.

వాళ్లను చూసి అండాలమ్మ భయపడుతుందని ఆయన అంచనా. అండాలమ్మ పరుగెత్తుకుంటూ ఎదురొచ్చింది. కోడలి సీమంతానికి వచ్చిన వియ్యాలవారిని తీసుకుపోయినట్టు చేయి చాపి దారి చూపింది. పూడ్చిన గండి చూపించింది. గోడ కింది కంత చూపించింది. పైపు చివర వేలు పెట్టి నీళ్లు చిమ్మించింది.

"చూడుర్రి సారు. తాగి చూడుర్రి."

అవతల కుర్చీలోంచి అంతయ్య లేచాడు. దొంగతనం బయటపడిందనుకుని, కాపలాదారుగా తనేం చేయాలో తోచక, దండం పెట్టాడు.

సాంబమూర్తి గారు నీళ్లు దోసిట పట్టి చూశారు. తేటగా ఉన్నాయి. ఆయన ముఖంలో ఒక ఆశాభంగం కనబడింది. ఒట్టు వేసిన మనిషి నిజం చెప్పడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి. ఇది ఏ సూత్రం కిందికి వస్తుందో ఆయనకు అర్థం కాలేదు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా," అన్నారు చివరికి.

ఆ ముక్క కోసం అండాలమ్మ ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తోందో ఆమెకే తెలియదు. కళ్లు తుడుచుకుని, అంతయ్య వైపు చూసి, "ఇన్నవా?" అంది.

ఉపేంద్ర మాత్రం సీసాలో నీళ్లు పట్టుకుని, కూర కవర్లో వేసుకుని, ఆ పైన మడిలో వంగి చిన్న తాపీతో మట్టి తవ్వుతున్నాడు.

"మన్నెందుకు సారు?" అంది అండాలమ్మ. "చూడాల్సింది నీళ్లు గదా?"

"ఊరికే అమ్మా," అన్నాడు ఉపేంద్ర.

కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. ఉపేంద్ర ఫోన్లో చెబుతుంటే సాంబమూర్తి గారు భోజనాల బల్ల దగ్గర నిలబడి విన్నారు. నీళ్లలో పెద్దగా ఏమీ లేదు. మట్టిలో సీసం ఉంది, కాడ్మియం ఉంది, ఇంకా ఒకటి రెండు ఉన్నాయి. ఆకులోనూ ఉన్నాయి, ఉండకూడనంతగా.

"బోరు నీళ్లు గదరా?"

"ఇప్పుడు బోరు నీళ్లే మావయ్యా. ఇన్నేళ్లూ పారింది మూసీ కదా. నీళ్లు ఇంకిపోతాయి, మెటల్స్ పోవు. మట్టిలో పేరుకుంటాయి. ఆకుకూరలు వాటిని బాగా లాగుతాయి."

"మరి ఎన్నాళ్లకు పోతాయి?"

"వాటంతట అవి పోయేవి కావు."

"కడిగితే?"

"పైనుంటే కడగొచ్చు. లోపలుంటే ఏం కడుగుతాం?"

శేషారత్నం గారు పసుపునీళ్ల గిన్నె వైపు చూశారు. ఆ పూట బల్ల మీద పాలకూర పప్పు ఉంది.

"మరి ఇదేం చేద్దామండీ?" అన్నారు ఆవిడ.

"వండేశావుగా," అన్నారు సాంబమూర్తి గారు.

"ఇన్నాళ్లూ తిన్నదో?"

"అది తినేశాం."

ఇద్దరూ కూర్చుని తిన్నారు. పప్పు బాగానే కుదిరింది. ఇంగువ కొంచెం ఎక్కువైందని ఆయన అన్నారు.

ఆ సాయంత్రం కాలనీ సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, టీ, సమోసా ఏర్పాటు చేశారు. కాలనీ ఆరోగ్యాన్ని గురించి పలువురు ప్రసంగించారు. మూసీని ఎవరు పాడు చేశారన్న చర్చలో నగరం మొత్తాన్ని తిట్టారు. తమ బాత్రూము నీళ్లు ఎటు పోతాయన్నది ఎజెండాలో లేదు. చివరికి, మర్నాటి నుంచి ఒక టెంపో అతని దగ్గర కూరలు కొనాలని తీర్మానించారు. అతనికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, బోరు నీళ్లేనా అని అడిగారు. బోరు నీళ్లే అన్నాడు. తీర్మానం ఏకగ్రీవమైంది.

ఈ సంగతి చెప్పే బాధ్యత సాంబమూర్తి గారి మీద పడింది. మర్నాడు పొద్దున ఆయన సంచీ లేకుండా గేటు దగ్గరికి వచ్చారు. అండాలమ్మ అప్పుడే గంప దించి, కూర మీద నీళ్లు చిలకరిస్తోంది. ఆయన ముఖం చూసి ఆమే మొదలు పెట్టింది.

"బోరు నీళ్లే సారు."

"తెలుసమ్మా. నీళ్లు మంచివే."

"మరి?"

"మట్టి మంచిది కాదు." ఆయన మెల్లగా, క్లెయిము తిరస్కరించేటప్పటి మర్యాదతో, ఉపేంద్ర చెప్పిందంతా చెప్పారు. సీసం, కాడ్మియం, పేరుకోవడం, లాగడం. "పెద్దవాళ్లకు ఏమోగాని, చిన్నపిల్లలకు మరీ మంచిది కాదన్నాడు. నీ మనవడికి..."

అండాలమ్మ కూర మీద నీళ్లు చిలకరించడం ఆపలేదు. "మన్ను మారుస్తే?"

"ఎంత నేలని మారుస్తావమ్మా? తెచ్చేది ఎక్కడినుంచి?"

"గంతేనా సారు?"

"అంతేనమ్మా."

ఆయన ఇంకేదో అనాలనుకున్నారు. స్కూలు బస్సు వచ్చి హారన్ కొట్టింది, పక్కకు జరిగారు. బస్సు పోయేసరికి అండాలమ్మ గంప నెత్తికెత్తుకుని రోడ్డు దాటుతోంది. ఆయన కాసేపు నిలబడి, ఇస్త్రీ బట్టలు తీసుకుని ఇంటికి వెళ్లారు.

అండాలమ్మ ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా నడిచింది. అక్కడ బస్సు ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, మెట్రో మెట్ల కింద, జామకాయల బండికీ ఫోన్ కవర్ల బండికీ మధ్య గంప దించింది. కూర పారేయాలని ఆమెకు తోచలేదు. అమ్మాలని కూడా ప్రత్యేకంగా తోచలేదు. కూర ఉంటే గంప దించుతారు, దించితే ఎవరో ఒకరు కొంటారు. ఆఫీసులకు పోయేవాళ్లు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, హాస్టల్ వంటవాళ్లు. ఇక్కడ నీళ్ల గురించి ఎవరూ అడగలేదు. రైలు పట్టుకోవాలి వాళ్లకు. నోరు తెరిచే అవసరం లేకుండానే గంప ఖాళీ అయింది.

అడుగున లక్కీ కట్ట మిగిలింది. లేత ఆకు, విడిగా ఏరింది. దాన్ని సంచీలో వేసుకుని గడ్డిఅన్నారం నడిచింది.

దారిలో ఆమె మనసులో ఏముందంటే చెప్పడం కష్టం. దుఃఖం వచ్చినట్టు లేదు. మనవడు అన్నం ముద్దలు మింగిన నాటి నుంచి ఎన్ని కట్టలు మోసిందో, వాటిలో ఎంత సీసం ఆ చిన్న పొట్టలోకి పోయిందో లెక్క వేయబోయి, ఆ లెక్క రాక వదిలేసింది. జగన్‌కు ఎట్లా చెప్పాలో ఆలోచించింది. "ముంగట నిలబడి తినిపిస్త" అన్నాడు అతను. తినిపించాడేమో. చెప్పాక ఇంటికి రావద్దంటాడేమో. అనడానికి అతనికి హక్కు ఉంది. పాత పండ్ల మార్కెట్ గోడ దగ్గరికి వచ్చేసరికి ఆలోచనలు కూడా ఆగిపోయాయి. వట్టి నడక మిగిలింది.

కృష్ణకుమారి గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. జగన్ ఇంట్లో లేడు. తల్లి చెప్పిందంతా చేటలోంచి తల ఎత్తకుండా వింది. అండాలమ్మ ఒక్క గుక్కలో చెప్పి, చివర, "నేనే పెట్టిన బిడ్డా. నా చేతులతోని నేనే తెచ్చి పెట్టిన. పిలగానికి రక్తం పరీక్ష చేపియ్యాలె," అంది.

"వాడెప్పుడు తిన్నడే అమ్మా?" అంది కృష్ణకుమారి.

"ఏంది?"

"వాడు తినడే. మొదటిసారి పెట్టిన్నాడే నా కొంగు మీద ఊంచిండు. మల్ల పెట్టలే."

"మరి నేను రోజు తెచ్చిన కూర?"

"నువ్వు గంత దూరం మోసుకొస్తివి, వద్దంటే ఏడుస్తవని చెప్పలే. మీదింటి ఓనరాంటీకి ఇస్తున్న. ఆమెకు షుగరు, డాక్టరు ఆకుకూరలే తినుమన్నడట. మస్తు ఖుషీ అయితది. గీ యేడు కిరాయి గూడ పెంచలే."

అండాలమ్మకు నవ్వాలో, ఊపిరి తీసుకోవాలో, ఇంకేమైనా చేయాలో తేలలేదు. అప్పుడే మెట్ల మీదినుంచి ఇంటి ఓనరు ఇందిరాదేవి గొంతు వినిపించింది.

"కృష్ణమ్మా! మీ అమ్మొచ్చినట్టుంది. కూర తెచ్చిందా? పప్పు ఉడకబెట్టాను!"

కృష్ణకుమారి తల్లి వైపు చూసింది. "ఏం చెప్పాలె?"

అండాలమ్మ సంచీ మూతి ముడి వేసి వెనక్కి జరుపుకుంది. "తేలేదని చెప్పు. చేన్ల నీళ్లు లేవని చెప్పు."

కృష్ణకుమారి అలాగే చెప్పింది. పైన ఇందిరాదేవి అయ్యో అని, అయితే ఉత్త పప్పే చేసుకుంటానని, నీళ్లొచ్చాక మరిచిపోవద్దని అంది. అండాలమ్మ లోపలికి పోయి, చాప మీద కూర్చుని ఉన్న మనవడి పక్కన కూలబడింది. లక్కీ గిన్నె ముందు పెట్టుకుని తనంతట తనే తింటున్నాడు. వాడు పెరుగన్నం ఒక్కటే తింటాడు. అందులో కరివేపాకు కనబడినా ఉమ్మేస్తాడు.